రెండు పేరాలు, ఒక ప్రశ్న

శాట్ పరీక్షలో ‘టెక్స్ట్ 1, టెక్స్ట్ 2’ అని రెండు పేరాలిచ్చి అడిగే ప్రశ్న ఉంటుంది. ‘మా వాడికి ఇంగ్లీషు బాగానే వచ్చు, ఇది మాత్రం ఎందుకు తప్పుతోంది?’ అని తల్లిదండ్రులు అడుగుతున్నారు. ఈరోజు అదొక్కటే మాట్లాడుకుందాం.

శాట్ ఇప్పుడు కంప్యూటర్ మీదే. మనకి 2023 మార్చి నుంచి, అమెరికాలో 2024 మార్చి నుంచి. ఇంగ్లీషు భాగంలో 54 ప్రశ్నలు, 64 నిమిషాలు. పాత పెద్ద పాసేజీలు పోయాయి. ఈ రెండు పేరాలూ కలిపినా 150 మాటలు దాటవు. చిన్నవే కదా అనుకుంటాం, అక్కడే దొరికిపోతాం.

ఒక ఉదాహరణ, నేను అల్లిందే. మొదటాయన అంటాడు: చెట్లు ఉంటే నగరంలో వేడి తగ్గుతుంది, కాబట్టి ఖాళీ జాగా ఎక్కడుంటే అక్కడ నాటాలి. రెండో ఆవిడ అంటుంది: నీడ వల్ల వేడి తగ్గే మాట నిజమే, కానీ నీళ్లు లేనిచోట నాటిన మొక్కలు బతకవు. ప్రశ్న: మొదటాయన మాటకి ఆవిడ ఏమంటుంది?

మన పిల్లలు ‘ఒప్పుకోదు’ అని పెట్టేస్తారు. ‘కానీ’ కనపడితే చాలు, గొడవే అనుకుంటారు! ఆవిడ సగం ఒప్పుకుంది. ఎక్కడ పడితే అక్కడ నాటమన్నదే కాదంది. ఇంకో ఆప్షన్ ఉంటుంది, ‘మొక్కలకి నీళ్లు కావాలి’ అని. నిజమే, రెండో పేరాలో ఉంది కూడా. కానీ అది మొదటాయనకి జవాబు కాదు. అసలు వల ఇదే.

ఇంటర్ దాకా మనకి కాంప్రహెన్షన్ అంటే జవాబున్న వాక్యం వెతికి దించేయడం. ఇక్కడ జవాబు ఏ ఒక్క పేరాలోనూ దొరకదు. అందుకని మొదటి పేరా అవగానే దాని వాదన ఒక్క వాక్యంలో చెప్పుకోమనండి, తెలుగులో అయినా పర్వాలేదు. రెండోది చదివాక, ఇందులో ఏ ముక్క ఒప్పుకున్నారు, ఏ ముక్క కాదన్నారు? అది తేలాకే ఆప్షన్లు చూడాలి.

నాకు ఈ ప్రశ్న మీద ఒక ఫిర్యాదు ఉంది. రెండు పేరాలకీ ముడి వాళ్లే వేసి ఇస్తారు. కాలేజీకి వెళ్లాక పెద్ద వ్యాసాలు మూడు చేతిలో పెడతారు, ఆ ముడి మనమే వెతుక్కోవాలి. జపాన్‌లో 2021 జనవరిలో మొదలైన కామన్ టెస్ట్ దీనికి కొంచెం దగ్గర. 80 నిమిషాల ఇంగ్లీషు రీడింగ్ పేపర్లో ఉచ్చారణ, వ్యాకరణం మీద విడి ప్రశ్నలు తీసేశారు. వ్యాసం, గ్రాఫు, నోట్సు కలిపి చదవమంటారు. అయితే అక్కడ గబగబా వెతికేవాడికి లాభం, ఆగి ఆలోచించేవాడికి టైము చాలదు.

ఈ వారం ఒకే విషయం మీద రెండు ఇంగ్లీషు పేపర్ల సంపాదకీయాలు తీసి, పిల్లలతో ఇలా చదివించి చూడండి. ఉంటానండీ.