పచ్చి పెంట – మొండి క్రిమి



పొలానికి పెంట తోలితే తట్ట ఎత్తేది ఆడవాళ్లే. కుప్ప తవ్వేది, మోసేది, మడిలో చల్లేది వాళ్లే. పెంట మట్టికి బలం. అందులో అనుమానం లేదు. కానీ ఈ రోజుల్లో పెంటతో పాటు ఇంకోటి కూడా పొలంలోకి వస్తోంది. అది కంటికి కనపడదు.

కోళ్ల ఫారాల సంగతి చూడండి. ఒక్కో షెడ్డులో వేల కోళ్లు ఉంటాయి. ఒకదానికి జబ్బు వస్తే అన్నిటికీ అంటుకుంటుంది. అందుకని నీళ్లలోనో మేతలోనో యాంటీబయాటిక్ మందులు కలుపుతారు. కొన్నిచోట్ల జబ్బు లేకపోయినా కలుపుతారు. కోడి మింగిన మందంతా దాని ఒంటికి పట్టదు. కొన్ని మందులు చాలా భాగం రెట్టతో బయటికి వచ్చేస్తాయి. రెట్ట కింద పరిచిన ఊకలో కలుస్తుంది. అదే కోళ్ల ఎరువు. దాన్నే ట్రాక్టర్లకెత్తి రైతులకు అమ్ముతారు.

మందు ఉంటే క్రిములు చావాలి కదా? మరి భయం దేనికి?

పత్తి చేను గుర్తు చేసుకోండి. మొదట్లో మందు కొడితే పురుగు చచ్చేది. చావకుండా కొన్ని మిగిలాయి. వాటి పిల్లలు ఆ మందుకు లొంగలేదు. 1997-98లో వరంగల్ జిల్లాలో ఎన్నిసార్లు మందు కొట్టినా పురుగు చావక రైతులు అప్పులపాలయ్యారు. కోడి కడుపులో, పెంటకుప్పలో జరిగేదీ ఇదే. మందుకు తట్టుకున్న క్రిములు మిగులుతాయి. అవే పెరుగుతాయి. ఇంకో చిక్కు కూడా ఉంది. పురుగు తన మొండితనాన్ని తన పిల్లలకే ఇస్తుంది. క్రిమి అయితే పక్కనున్న వేరే జాతి క్రిమికి కూడా ఇవ్వగలదు.

ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ అనే సంస్థ ఉత్తరప్రదేశ్, హర్యానా, రాజస్థాన్, పంజాబ్ రాష్ట్రాల్లో 12 కోళ్ల ఫారాల పెంటను పరీక్ష చేయించింది. ఆ వివరాలు 2017లో బయటపెట్టింది. పెంటలో చాలా మందులకు లొంగని క్రిములు ఉన్నాయి. ఆ పెంట ఎరువుగా వేసిన పొలాల మట్టిలోనూ అలాంటివే కనిపించాయి.

కొలిస్టిన్ అనే మందు ఉంది. వేరే మందులేవీ పనిచేయనప్పుడు రోగి ప్రాణం నిలపడానికి డాక్టర్లు ఆఖరున వాడేది. దాన్ని కోళ్ల మేతలో కలిపేవారు! 2019 జూలైలో కేంద్ర ప్రభుత్వం కోళ్లకు, పశువులకు, చేపలకు దాన్ని వాడకూడదని నిషేధించింది.

మొండి క్రిమి ఇంటికి ఎలా వస్తుంది? పెంట పట్టిన చేతులతో వస్తుంది. వాన నీటితో చెరువులోకి, బావిలోకి దిగుతుంది. పచ్చిగా తినే కొత్తిమీర, టమాటలకు అంటుకుంటుంది. ఆ క్రిమి వల్ల ఆడవాళ్లకు మూత్రంలో మంట వచ్చినా, పసిబిడ్డకు జబ్బు చేసినా మామూలు మందుకు తగ్గదు. ఖరీదైన మందు కావాలి. ఒక్కోసారి అదీ పనిచేయదు.

మరి పెంట మానేయాలా? అక్కర్లేదు. మాగబెట్టాలి.

పెంటలో ఎండుగడ్డి, ఆకులు కలిపి కుప్ప వేయాలి. తడి చేయాలి. పిడికిట పిండితే చెయ్యి తడవాలి, నీళ్లు కారకూడదు. కుప్ప లోపల వేడి పుడుతుంది. ఆ వేడి 55 డిగ్రీలు దాటి కొన్ని రోజులు నిలిస్తే చాలా క్రిములు చస్తాయి. అంచున ఉన్న పెంటకు వేడి తగలదు. అందుకే కుప్పను నాలుగైదు సార్లు తిరగేయాలి. రెండు మూడు నెలలకు కంపు పోయి మట్టి వాసన వస్తుంది. అప్పుడు ఎరువు మాగినట్టు. కుప్పను బావికి దూరంగా వేయాలి. వాన పడితే కప్పాలి.

మాగబెడితే కొన్ని మందులు విరిగిపోతాయి. కొన్ని మిగులుతాయి. కాబట్టి అసలు మందు వాడకమే తగ్గాలి. ఇంట్లో గేదెకు, కోళ్లకు పశువుల డాక్టరు చెప్పకుండా యాంటీబయాటిక్ వేయొద్దు. బిడ్డకు మిగిలిన మందు బర్రెకు పట్టొద్దు.

పెంట మోసిన చేతులను సబ్బుతో కడగాలి. ఆ తర్వాతే బిడ్డను ఎత్తుకోవాలి. కూలికి వెళ్లిన చోట కూడా ఒక మాట అడగవచ్చు: "ఎరువు మాగిందా అన్నా?"

మీ సంఘంలో మాట్లాడుకోండి:
1. మీ ఊరికి కోళ్ల ఎరువు ఎక్కడి నుంచి వస్తుంది?
2. దాన్ని పచ్చిగా వేస్తున్నారా? మాగబెట్టి వేస్తున్నారా?
3. అందరూ కలిసి ఒకచోట కుప్ప వేసి మాగబెట్టగలరా?