గోలీ మానొద్దు, కాళ్ళు ఆపొద్దు
(మదీనాలో జరిగిన వార్షిక సభలో ఒక సభ్యుడి ప్రసంగం)



నేను డాక్టర్ని కాను, ట్రైలర్ డ్రైవర్ని. మదీనా–యాన్బు రోడ్డు మీద బండి నడుపుతాను. స్టేజి ఎక్కడం ఇదే మొదటిసారి, తప్పులుంటే మన్నించండి.

కొన్నేళ్ళ కింద నాకు కీళ్ళవాతం వచ్చింది. పొద్దున లేస్తే స్టీరింగ్ పట్టుకోలేకపోయేవాణ్ణి. డాక్టరు ప్రెడ్నిసొలోన్ గోలీలు రాశారు. నొప్పి చేత్తో తీసేసినట్టు పోయింది. ఇది స్టెరాయిడ్ మందు. ఆస్తమాకు, కొన్ని కిడ్నీ జబ్బులకు, చర్మ జబ్బులకు కూడా ఇస్తారు. జిమ్ములో కండల కోసం వేసుకునే స్టెరాయిడ్ వేరు, ఇది వేరు. అది కండను పెంచుతుంది. ఇది ఎక్కువ రోజులు వాడితే కండను తింటుంది.

నొప్పి పోయింది కదా అని నేను మళ్ళీ డాక్టరు దగ్గరికి పోలేదు. అదే గోలీ తెప్పించుకుని నెలల తరబడి మింగాను. ముఖం గుండ్రంగా ఉబ్బింది. వీడియో కాల్లో చూసి మా అమ్మ "సౌదీ తిండి ఒంటికి పట్టింది బిడ్డా" అని సంతోషపడింది. ఒకరోజు క్యాబిన్ మెట్టు మీద కాలు పెట్టాను, ఒళ్ళు పైకి లేవలేదు. తొడల్లో బలమే లేదు. బండి ఎక్కలేని డ్రైవర్ని ఎవరు పనిలో ఉంచుకుంటారు? ఇంటి మీది అప్పు కళ్ళ ముందు తిరిగింది.

"గోలీ ఈ రోజే బంద్ చేయి" అన్నారు రూములో ఒకరు. అది ఇంకా ప్రమాదం. మన కిడ్నీల మీద ఉండే చిన్న గ్రంథులు కార్టిసాల్ అనే సొంత స్టెరాయిడ్‌ను తయారుచేస్తాయి. వారాల తరబడి గోలీ మింగితే అవి నిద్రపోతాయి. హఠాత్తుగా ఆపితే వాంతులు అవుతాయి, బీపీ పడిపోతుంది, ప్రాణం మీదికి రావచ్చు. అలా జరిగితే 997కు ఫోన్ చేయండి. మోతాదు తగ్గించాల్సింది డాక్టరే, మెల్లమెల్లగా. నాకు అలాగే తగ్గించారు. దాంతోపాటు వ్యాయామం చేయమన్నారు.

"పొద్దంతా పనే కదా, మళ్ళీ వ్యాయామం ఏంటి?" అని మీరు అడగొచ్చు. నేనూ అడిగాను. డ్రైవరుకు పని అంటే కూర్చోవడమే. బరువులు మోసేవాళ్ళకు నడుం అరుగుతుంది, అన్ని కండలకూ పని దొరకదు. ఈ మందు ముందుగా తొడలు, తుంటి దగ్గరి కండను దెబ్బ తీస్తుంది. ఎముకను పలచబరుస్తుంది, అదీ మొదటి నెలల్లోనే ఎక్కువ. షుగరు పెంచుతుంది. కండకు పని చెబితే అది షుగరును వాడుకుంటుంది, ఎముకను లాగి గట్టిపడమంటుంది. 1996లో అమెరికాలోని ఫ్లోరిడాలో గుండె మార్పిడి జరిగి స్టెరాయిడ్ వాడుతున్న కొందరితో ఆరు నెలలు బరువుల వ్యాయామం చేయించారు. తగ్గిపోయిన వెన్నెముక సాంద్రత దాదాపు పాత స్థితికి వచ్చింది. చేయనివాళ్ళకు రాలేదు. చిన్న పరిశోధనే, కానీ దారి చూపింది.

నేను చేసింది చెబుతాను. చేతులు ఆన్చకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం. మొదట మూడుసార్లే వచ్చింది, తర్వాత పదికి చేరాను. గోడ పట్టుకుని మడమలు ఎత్తడం. గోడను రెండు చేతులతో నెట్టడం. ఇవి వారానికి మూడు రోజులు. నడక ఐదు రోజులు, అరగంట చొప్పున, ఫజర్ తర్వాతో, ఇషా తర్వాతో. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు ఎండలో పనినే సర్కారు ఆపుతుంది, ఆ వేళ నడక అసలే వద్దు. పెప్సీ మానేసి ఉప్పు తక్కువగా లబన్ తాగాను, పప్పు, గుడ్డు తిన్నాను.

మొదలుపెట్టే ముందు డాక్టరును అడగండి. గజ్జల్లో నొప్పి, నడుంలో హఠాత్తుగా నొప్పి వస్తే ఆపేసి చూపించుకోండి. షుగరు, బీపీ చూపించుకోండి. రంజాన్ ఉపవాసం ముందు, సెలవు మీద ఊరికి పోయే ముందు గోలీల సంగతి మాట్లాడుకోండి.

కొన్ని నెలలకు నేను మళ్ళీ ఆ మెట్టు ఎక్కాను. హ్యాండిల్ పట్టుకునే ఎక్కాను, అయినా ఎక్కాను. ఈ రాత్రి రూముకు పోయాక చేతులు ఆన్చకుండా కుర్చీలోంచి లేచి చూడండి. గోలీ వాడుతూ లేవలేకపోతే సిగ్గుపడకండి, రేపే డాక్టరు దగ్గరికి పోండి.

సెలవు.