విత్తనమునందలి గుఱుతులు
(ఒక పఠనమందిరమున మేము చదివిన యుపన్యాసపాఠము)



మన పట్టణవాసులలో సన్నబియ్యమును మెచ్చనివారరుదు. అందును సాంబ మసూరి యన్నమనిన మఱింత ప్రీతి. 1986వ సంవత్సరమున బాపట్ల పరిశోధనస్థానమునుండి బి.పి.టి. 5204 అను పేరున వెలువడిన యీ వరి తెలుగునేల యెల్లలు దాటి యితర రాష్ట్రములందును వ్యాపించినది. గింజ సన్నము, అన్నము మృదువు, అంగడిలో గిరాకి హెచ్చు. కాని దీనికొక లోపము గలదు. ఆకుయెండు తెగులునకిది సులభముగ లొంగిపోవును. ఆ లోపమును హైదరాబాదునందలి శాస్త్రజ్ఞులెట్లు దీర్చిరో, అందుండి మనము గ్రహింపవలసినదేమో నేడు విన్నవింపదలచితిమి.

ఈ తెగులునకు మూలము క్సాంథోమోనాస్ అను బాక్టీరియా. గాలివానకు ఆకులొండొంటితో నొరసికొని చీరుకొన్నపుడు ఆ గాయములగుండ నది లోన బ్రవేశించును. నాట్లవేళ నారుకొనలు త్రుంచు నలవాటు దానికి తలుపు తెఱచిపెట్టుటయే. యూరియా మితిమీఱ జల్లినచో మఱింత విజృంభించును. మొదట నాకుటంచులు అలలవలె పసుపువాఱును. పిదప తెల్లబడి యెండును. ఉదయవేళ నాకులపై పసుపువన్నె బిందువులు గానవచ్చును. ఆకే యెండినపిదప గింజ పాలుపోసికొనుటెట్లు? రైతు చేతికి తాలు మిగులును. పురుగులకు మందులు గలవు, బూజుతెగుళ్లకు మందులు గలవు. ఈ బాక్టీరియాను పొలమున నమ్మకముగ నణచు మందు మాత్రము లేదు. కావున మందు మొక్కలోనే యుండవలెను.

అట్టి శక్తిగల మొక్కలు లోకమున లేకపోలేదు. ఆఫ్రికాఖండమునందలి మాలీ దేశపు అడవివరిలో ఎక్స్‌ఏ 21 అను జన్యువు గనబడినది. ఫిలిప్పీన్సునందలి అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థవారు దానిని సంకరముచే సాగువరిలోనికి దెచ్చిరి. 1995లో పామెలా రోనాల్డ్ బృందమువారు దానిని వేఱుపఱచి దాని నిర్మాణమును లోకమునకు దెలిపిరి. ఎక్స్‌ఏ 5, ఎక్స్‌ఏ 13 అనునవి మఱి రెండు. వీనిలో 13వ దాని తీరు వింతయైనది. బాక్టీరియా మొక్కకణమునందలి చక్కెరద్వారమును తెఱపించుకొని తన యాహారమును రాబట్టును. ఎక్స్‌ఏ 13 గల మొక్కలో ఆ ద్వారపు మీట మాఱియుండుటచే శత్రువు చేయి దానికందదు. శత్రువు రూపములు మార్చునది. ఒక్క తాళమున్న యింటి దొంగ నేడు గాకున్న రేపు దానిని దీయనేర్చును. మూడు తాళములను ఒక్కమాఱుగ దీయనేర్చుట దుష్కరము. కావున మూడింటిని నొక్క మొక్కలో గూర్పవలెను.

కూర్చుటెట్లు? ఈ జన్యువులు గల దాతమొక్కతో సాంబ మసూరిని సంకరము చేసినచో పిల్లమొక్కలో సగము దాతదే. సన్నదనమును రుచియు జెడును. అందుచే మరల మరల సాంబ మసూరితోనే సంకరము జరుపుదురు. ఒక్కొక్కమాఱు దాతపాలు సగటున సగమునకు దిగును. నాలుగుమాఱులకు 32 పాళ్లలో నొక్కపాలు మిగులును. ఇది ప్రాతవిద్యయే. చిక్కంతయు ఏఱుటలో నున్నది. 5, 13 జన్యువులు తల్లినుండియు దండ్రినుండియు రెండు ప్రతులు వచ్చినగాని గుణము జూపవు. మరలసంకరపు మొక్కలో నొక్కప్రతియే యుండును. తెగులంటించి చూచినను ఫలము లేదు. 21వది గల మొక్కయో, దాని బలముననే తెగులునోర్చుటచే తక్కిన రెండున్నవో లేవో కన్నులకు దెలియదు. మూడును గల మొక్క ప్రతితరమున సగటున నెనిమిదింట నొక్కటి. ఆ యొక్కటి యేదో తెలియనిచో పడిన పాటంతయు గంగపాలే గదా!

ఇచ్చటనే గుఱుతులు తోడ్పడినవి. డి.ఎన్.ఏ. నాలుగక్షరముల దీర్ఘలిపి. రకమునకును రకమునకును ఆ లిపిలో నచ్చటచ్చట భేదములుండును. కోరిన జన్యువునకు మిక్కిలి చేరువనున్న భేదము దానితోడనే తరతరమునకు సంక్రమించును. పొలిమేఱరాయి గనబడినచో ఊరు దాపుననున్నదని బాటసారి యెఱుగునట్లు, ఆ భేదమును జూచి జన్యువున్నదని శాస్త్రజ్ఞుడెఱుగును. నారుమొక్క ఆకుతునకనుండి డి.ఎన్.ఏ. దీసి, కావలసిన భాగమును పి.సి.ఆర్. పద్ధతిని కోట్లకొలది ప్రతులుగ బెంచి, జెల్లులో విద్యుత్తుచే నడిపించినచో చారలేర్పడును. ఆ చారలే సాక్ష్యము. తెగులు వచ్చువఱకు వేచియుండ బనిలేదు.

హైదరాబాదునందలి వరి పరిశోధన సంస్థవారును, కణ, అణుజీవశాస్త్ర కేంద్రమువారును గలసి యీ మార్గముననే నాలుగుమాఱులు మరలసంకరము జరిపి, తుదకు స్వపరాగముచే మూడు జన్యువులును జంటప్రతులుగ నున్న మొక్కలనేఱిరి. అట్టివి లెక్కకు 64లో నొక్కటియే. ఇట్లు వెలసిన మెఱుగుపఱచిన సాంబ మసూరి 2008లో విడుదలయినది. సన్నదనము నిలిచినది, తెగులునోర్చు శక్తి చేరినది.

ఇది జన్యుమార్పిడి పంట కాదా యని కొందఱు శంకింతురు. కాదు. ఇందు జన్యువు పుప్పొడిద్వారా వచ్చినది. ప్రయోగశాల యేఱుటకు దీపము పట్టినదంతే. మన తాతలు ప్రయోగశాల లేకయే విత్తనమునేఱిరి గదా యని వృద్ధులందురు. నిజమే. వారు కంటికి గనబడిన వెన్నునేఱిరి. ఇచ్చట గనబడనిదానినేఱవలసి వచ్చినది. అయినను ఈ గుఱుతులు సర్వార్థసాధకములని మేము చెప్పము. దిగుబడివంటి గుణములు పెక్కు జన్యువుల చిన్నచిన్న పాళ్లచే నేర్పడును. అచ్చట నొకటిరెండు గుఱుతులు చాలవు. తెగులును నిద్రపోదు, మూడు తాళములకును గావలి యుండవలసినదే. దీపమెంత వెలిగినను పొలమున దిరుగు పాదములు మానరాదు.

తుదిమాట. ఇది హైబ్రిడ్ కాదు. రైతు తన పంటనుండియే విత్తనము నిలుపుకొనవచ్చును. ప్రజాధనముతో నడచు సంస్థలు ప్రజలకిచ్చిన సొత్తిది. కాని విత్తనము పరిశోధనాలయమున నుండుట వేఱు, రైతు గాదెలో నుండుట వేఱు. మన గ్రామములకిది చేరినదా యని వ్యవసాయశాఖను అడుగవలసిన బాధ్యత అన్నము దిను మనకు లేదా? మాలీ దేశపు చిత్తడినేలలో నెవరును విత్తని గడ్డివంటి వరి మన కంచమును గాచినది. మన చేలగట్లను, చెఱువులవెంట నున్న అడవివరులలోను, మన యవ్వలు దాచిన నాటువడ్లలోను రేపటి కెన్ని తాళములున్నవో! వానిని పోగొట్టుకొన్నచో పిదప నే గుఱుతును మనకు దారి చూపజాలదు.