బడి హద్దులు గీసేముందు దారి నడిచి చూడండి

(కణేకల్‌లో జరిగిన మండల రైతుల సమావేశంలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



తుంగభద్ర ఎగువ కాలువ నీళ్ల గురించి, పంటల బీమా గురించి, శెనక్కాయ గిట్టుబాటు ధర గురించి మనం ఎన్నోసార్లు ఇక్కడ కూర్చొని మాట్లాడుకున్నాం. ఈరోజు పిల్లల బడి గురించి మాట్లాడదాం. ఈ సమావేశానికి పిలిచినప్పుడు కొందరు పెద్దలు "రైతు సంఘానికి బడితో ఏం పని, అది అయ్యవార్ల సంఘాలు చూసుకుంటాయి గదా" అన్నారు. ఆ మాటకు ముందు జవాబు చెప్పాలి.

సభ్యత్వాల కోసం ఊళ్లు తిరిగినప్పుడు మగవాళ్లు నీళ్ల గురించి, ఎరువుల గురించి అడిగారు. ఆడవాళ్లు అడిగింది వేరు. "అన్నా, మా పాప మూడో తరగతికొచ్చింది. పక్క ఊరి బడికి పంపమంటున్నారు. పొద్దున ఆరింటికే నేను కూలికి పోతాను. దాన్ని ఎవరు తోడుకొని పోవాల?" ఈ ప్రశ్న ఒక్క ఊళ్లో కాదు, పోయిన ప్రతి చోటా వినిపించింది. కలుపు తీసేది, శెనక్కాయ విడిపించేది, మిరపకాయలు కోసేది ఆ తల్లులే. పిల్లను బడికి చేర్చడానికి ఆమె ఒక పూట ఆగితే ఆ రోజు కూలి పోయినట్టే. ఆగకపోతే పిల్ల చదువు పోతుంది. ఇది సేద్యం చేసే ఇంటి సమస్య. అందుకే సంఘం దీన్ని నెత్తిన వేసుకుంది.

జరిగిందేమిటో వరుసగా చెప్పుకుందాం. 2020లో కేంద్రం కొత్త జాతీయ విద్యావిధానం తెచ్చింది. ఆ దారిలోనే మన రాష్ట్రంలో 2021లో హైస్కూలుకు 250 మీటర్ల లోపున్న ప్రాథమిక బడుల నుంచి 3, 4, 5 తరగతులను హైస్కూల్లో కలపడం మొదలైంది. 2022 జూన్ 10న జీవో 117 వచ్చింది. 250 మీటర్లు కిలోమీటరు అయింది. జూలై 5న బడులు తెరిచేసరికి రాష్ట్రంలో చాలా ఊళ్లలో తల్లిదండ్రులు బడి గేట్ల ముందు కూర్చున్నారు, కొన్ని చోట్ల తాళాలు వేశారు. పసిపిల్లలు హైవేలు దాటి, వంకలు దాటి ఎట్లా పోతారని అడిగారు. ఆ ఆందోళన ఊరికే పోలేదు. ఎన్నికల్లో జీవో 117 రద్దు ఒక హామీ అయింది. ప్రభుత్వం మారింది. 2025 మే నెలలో దాని స్థానంలో కొత్త ఉత్తర్వులు వచ్చాయి. బడులను తొమ్మిది రకాలుగా విభజించారు. ఇప్పుడు వినిపిస్తున్న పేరు ఆదర్శ ప్రాథమిక పాఠశాల. తరగతికి ఒక టీచరు ఉండేలా, చుట్టుపక్కల చిన్న బడుల పిల్లల్ని అక్కడికి చేర్చాలన్నది ఆలోచన.

ఒక మాట నిజాయితీగా ఒప్పుకోవాలి. తరగతికి ఒక టీచరు కావాలని కోరింది మనమే. పన్నెండు మంది పిల్లలు, ఐదు తరగతులు, ఒకే అయ్యవారు. ఆయన ఒకటో తరగతికి అక్షరాలు దిద్దిస్తుంటే ఐదో తరగతి పిల్లోడు గోడకేసి చూస్తూ కూర్చుంటాడు. ఆయన శిక్షణకు పోతే బడికి తాళం. అట్లాంటి బడిని అట్లాగే ఉంచమని మనం అడగడం లేదు. మంచి బడి కావాలి. కానీ ఆ మంచి బడికి పిల్ల రోజూ చేరగలగాలి, సాయంత్రం క్షేమంగా ఇంటికి రాగలగాలి. ఆ రెండో సగం గురించి ఎవరూ మాట్లాడటం లేదు.

ఏ బడిని ఎందులో కలపాలన్నది ఆఫీసులో మ్యాప్ చూసి తేలుస్తున్నారు. మ్యాప్‌లో రెండు ఊళ్ల మధ్య ఒక గీత ఉంటుంది. మన మండలంలో ఆ గీత మీద నడవాలంటే ఏముందో మీకు తెలుసు. కాలువ ఉంది. నీళ్లు వదిలిన నెలల్లో నిండుగా పారుతుంది. పెద్ద వంతెన ఉన్న చోట దాటాలంటే చుట్టు తిరగాలి. దగ్గర దారి కాలువ గట్టు మీద. ఎనిమిదేళ్ల పిల్ల ఆ గట్టు మీద ఒంటరిగా నడవాలి. రేగడి భూముల్లో నాలుగు చినుకులు పడితే దారి జిగట. పెద్దవాళ్ల చెప్పులే ఊడిపోతాయి. హగరి ఒడ్డు పల్లెల్లో గాలి కాలంలో ఇసుక మేటలు వేస్తుంది. మన జిల్లాలో ఏడాదికి సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లే. అదంతా కొద్ది రోజుల్లోనే పడిపోతుంది. ఆ రోజుల్లో వంక పొంగితే బడి అటు, పిల్ల ఇటు. ఇవేవీ మ్యాప్‌లో కనపడవు.

ఇంకొకటి. అక్క ఐదో తరగతి, తమ్ముడు ఒకటో తరగతి, చిన్నది అంగన్‌వాడీ. ముగ్గురూ ఒకే ఆవరణలో ఉంటే అక్క చేయి పట్టుకొని మిగతా ఇద్దరూ పోతారు. 1, 2 తరగతులు ఊళ్లో ఉంచి 3, 4, 5 పక్క ఊరికి పంపితే ఆ చేయి విడిపోతుంది. తమ్ముణ్ణి బడిలో దింపి అక్క తన బడికి నడిచేసరికి మొదటి పీరియడ్ అయిపోతుంది. నాలుగు రోజులు ఆలస్యమై మాటలు పడితే ఐదో రోజు పోదు. "ఇంట్లో ఉండి చిన్నదాన్ని చూసుకోమ్మా" అంటాం. అంటున్నది మనమే. మానేసేది ఎప్పుడూ ఆడపిల్లే. చదువు మానిన ఆడపిల్లకు ఆ తర్వాత ఏం జరుగుతుందో, ఏ వయసులో పెళ్లి సంబంధాలు చూస్తారో మన జిల్లాలో ఎవరికీ చెప్పక్కర్లేదు.

వానలు లేని ఏడు మన మెట్ట పల్లెల నుంచి బళ్లారికి, బెంగళూరుకు వలస పోతారు. పిల్లల్ని అవ్వాతాతల దగ్గర వదిలిపోతారు. ఊళ్లో బడి ఉంటే అవ్వ గడప దగ్గర కూర్చొనే మనవణ్ణి కనిపెట్టుకుంటుంది. మధ్యాహ్నం బడిలో అన్నం తింటాడు. బడి పక్క ఊరికి పోతే మోకాళ్లు పట్టేసిన ఆ ముసలామె వెంట పోలేదు. అప్పుడు తల్లిదండ్రులు పిల్లల్ని వెంట తీసుకొని పోతారు. ఇటుకల బట్టీ దగ్గరో, కట్టడాల దగ్గరో వాళ్ల చదువు ముగిసిపోతుంది. ఊళ్లో బడి నిలబడితే వలస కుటుంబంలో కనీసం పిల్లలు వలస పోరు.

బడిలో అన్నం వండే డ్వాక్రా అక్కలను కూడా తలుచుకోవాలి. నెలకు మూడు వేల గౌరవ వేతనానికి పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా పొయ్యి ముందు ఉంటారు. పిల్లలు తగ్గితే వాళ్ల పని కూడా ఊడుతుంది. హద్దులు మార్చే కాగితంలో వాళ్ల సంగతి కూడా రాయాలి.

ఇప్పుడు చట్టం ఏం చెబుతుందో చూద్దాం. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. నివాసానికి దగ్గరలో బడి ఉండాలని ఆ చట్టం ఆరో సెక్షన్ చెబుతుంది. నియమాల ప్రకారం 1 నుంచి 5 తరగతులకు నడకదారిన ఒక కిలోమీటరు లోపు, 6 నుంచి 8 తరగతులకు మూడు కిలోమీటర్ల లోపు. కేంద్రం ఇచ్చిన నమూనా నియమాల్లో మరో మాట ఉంది. వరద ముప్పు, రోడ్డు లేకపోవడం, పిల్లలకు దారిలో ప్రమాదం ఉన్న చోట ఆ పరిధిని ఇంకా తగ్గించి బడి పెట్టాలి. మన కాలువ గట్టు, మన వంక ఆ మాటలోకి వస్తాయి. చిన్న పల్లె కాబట్టి దగ్గర్లో బడి పెట్టలేమంటే ఉచిత రవాణా గానీ, వసతి గానీ ఏర్పాటు చేయాలని కూడా అందులోనే ఉంది.

రవాణా గురించి లెక్క వేద్దాం. సమగ్ర శిక్ష కింద దూరం నుంచి వచ్చే పిల్లకు ఏడాదికి 6,000 రూపాయల దాకా, అంటే నెలకు 600 చొప్పున పది నెలలు రవాణా భత్యం ఇవ్వొచ్చు. ఆ డబ్బు ఏడాది చివర ఖాతాలో పడితే అప్పటిదాకా పిల్ల ఎట్లా పోవాలి? ఒక పల్లెలో పదిహేను మంది పిల్లలున్నారనుకుందాం. నెలకు తొమ్మిది వేలు. ఆ మొత్తం నెలనెలా బడి కమిటీ చేతికొస్తే ఊళ్లో ఆటో ఉన్న పిల్లోణ్ణి మాట్లాడుకోవచ్చు. ఉన్న సొమ్మునే పనికొచ్చేటట్టు ఇమ్మంటున్నాం.

ఇక విద్యా కమిటీలు. చట్టం 21వ సెక్షన్ కింద బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులుండాలి. కమిటీలో సగం మంది ఆడవాళ్లుండాలి. 2024 ఆగస్టులో రాష్ట్రమంతా ఈ ఎన్నికలు జరిగాయి. ఈ సమావేశంలో కూర్చున్నవాళ్లలో చాలామంది ఆ కమిటీల్లో ఉన్నారు. ఎందరు తీర్మానాల పుస్తకం తెరిచి చూశారు? "ఇక్కడ వేలు పెట్టు" అంటే పెట్టి వచ్చినవాళ్లున్నారు. కోపం వద్దు, మన ఇంటి మాట కాబట్టి అంటున్నాం. బడి కలపడానికి తీర్మానం రాశారని తెలిసి ఒక ఊళ్లో తల్లులు పోయి అడిగితే, మీ కమిటీనే ఒప్పుకుంది గదా అన్నారు. కమిటీలో ఉన్న తల్లికి ఆ కాగితంలో ఏముందో తెలియదు.

మన తప్పు ఇంకొకటి ఉంది. బడిలో పిల్లలు తగ్గారని అంటున్నారు. ఎవరు తగ్గించారు? పొద్దున్నే ఊళ్లోకి ప్రైవేటు బడి బస్సు వస్తే అప్పు చేసి పిల్లల్ని ఎక్కించింది మనమే. మగపిల్లోణ్ణి బస్సెక్కించి, ఆడపిల్లను సర్కారు బడికి పంపిన ఇళ్లూ ఉన్నాయి. తల్లికి వందనం డబ్బు కూడా ఆ ఫీజుకే పోతోంది. ఉన్నవాళ్ల పిల్లలు పోయాక బడిలో మిగిలింది కూలోళ్ల పిల్లలు, కాలనీ పిల్లలు. ఇప్పుడు బడి దూరమైతే నష్టపోయేది కూడా వాళ్లే. బస్సు ఉన్నవాళ్లకు ఏ హద్దూ అడ్డం కాదు. కాబట్టి రైతులు, కూలీలు, ఊరు, కాలనీ కలిసి అడిగితేనే ఇది జరిగే పని.

పోరాడితే ఏమొస్తుందని అడిగేవాళ్లకు ఒక ఉదాహరణ. ఉత్తరప్రదేశ్‌లో 2025 జూన్‌లో పిల్లలు తక్కువున్న బడులను పక్క బడులతో జతచేయమని ఉత్తర్వులిచ్చారు. పిల్లల తరఫున అలహాబాద్ హైకోర్టుకు పోయారు. జూలైలో మొదట కేసు కొట్టేశారు. పట్టు విడవకుండా పై బెంచికి పోతే సీతాపూర్ జిల్లాలో ఉన్నది ఉన్నట్టు ఉంచమని ఉత్తర్వు వచ్చింది. ఆ తర్వాత ప్రభుత్వమే, కిలోమీటరు కంటే దూరమున్న బడులను, 50 మందికి మించి పిల్లలున్న బడులను కలపబోమని ప్రకటించింది. పూర్తిగా గెలిచారని కాదు. అడిగినందుకు దారి దూరం లెక్కలోకి వచ్చింది.

మనం అడుగుతున్నవి ఐదు.

ఒకటి, ఏ బడిని కలపాలన్నా ముందు అధికారులు, తల్లిదండ్రులు కలిసి ఆ దారి నడవాలి. నడిచిన దూరమే రాయాలి. కాలువ, వంక, పెద్ద రోడ్డు ఎక్కడ దాటాలో రాయాలి.

రెండు, కమిటీ తీర్మానం చాలదు. గ్రామసభలో చదివి వినిపించి, తల్లుల మాట విని రాయాలి.

మూడు, అవతల గదులు, మరుగుదొడ్లు, నీళ్లు, టీచర్లు సిద్ధమయ్యేదాకా ఇక్కడి టీచరును కదిలించకూడదు. ఇటీవలి డీఎస్సీలో 16,347 పోస్టులకు ప్రకటన ఇచ్చారు. చిన్న పల్లెల బడులకు కూడా అందులోంచి టీచర్లు రావాలి.

నాలుగు, కిలోమీటరు దాటితే వాహనం ముందు, విలీనం తర్వాత. భత్యం నెలనెలా ఇవ్వాలి.

ఐదు, ఒక ఏడాది తర్వాత ఎంతమంది పిల్లలు కొత్త బడిలో నిలిచారో, ఎంతమంది మానేశారో పేరుపేరునా గ్రామసభలో చెప్పాలి. మానేసినవాళ్లు ఎక్కువైతే బడిని వెనక్కి తేవాలి.

ఇప్పుడు మన పని. వచ్చే నెల సమావేశానికి ప్రతి గ్రామ కమిటీ ఒక కాగితం తేవాలి. ఊళ్లో 1 నుంచి 5 చదివే పిల్లలెందరు, ఎవరు ఏ బడికి పోతున్నారు, చెప్పిన బడి ఎంత దూరం, దారిలో ఏముంది, ఏ ఇంటి తల్లిదండ్రులు వలసలో ఉన్నారు. ఈ పని రచ్చకట్ట మీద కూర్చుంటే అయ్యేది కాదు. పిల్లలతో పాటు ఒకసారి నడవండి, సంచి మీరు మోయండి. కాగితాలన్నీ కలిపి మండల విద్యాధికారికి, ఆ తర్వాత జిల్లా కలెక్టరుకు ఇద్దాం. ప్రతి కాగితానికీ రసీదు తీసుకుందాం. లెక్కతో పోతే మన మాటను అంత తేలిగ్గా పక్కన పెట్టలేరు.

చివరి మాట అయ్యవార్లకు. ఇది మీ మీద పోరాటం కాదు. ఐదు తరగతులు ఒక్కరే మోస్తున్న మీ కష్టం మాకు తెలుసు. మీరూ మాతో దారి నడవండి.

కాలువ నీటిలో మన వాటా కోసం ఎన్ని ఏళ్లు తిరిగామో, ఎన్ని ధర్నాలు చేశామో మీకు తెలుసు. పిల్లల బడికి అందులో సగం తిరిగినా చాలు. వచ్చే నెల కాగితాలతో కలుద్దాం.