చెమటకాయలు వేరు, సర్పి వేరు



రోహిణి కార్తె ఎండకు రోళ్ళు పగులుతాయంటారు. ఆ ఎండలోనే ఆడవాళ్ళు కూలికి పోతారు. ఇంటికొచ్చి పొయ్యి ముందు కూర్చుంటారు. ఒంటి మీద చెమట ఆరదు. పొక్కులు లేస్తాయి. "చెమటకాయలేలే, అవే పోతాయి" అనుకుంటారు.

చాలాసార్లు ఆ మాట నిజమే. కానీ అన్నిసార్లూ నిజం కాదు.

ఒక ఇల్లు అనుకోండి. ఆ ఇంట్లో అత్తా కోడళ్ళున్నారు. ఇద్దరికీ ఒకే వారంలో పొక్కులు వచ్చాయి.

కోడలికి మెడ మీద, వీపు మీద, రొమ్ముల కింద లేచాయి. రెండు వైపులా లేచాయి. గుండుసూది తలంత ఉన్నాయి. దురద, చిటపట. ఎండలోకి పోతే ఎక్కువ, చల్లబడితే తక్కువ.

అత్త సంగతి వేరు. ఆమెకు 60 ఏళ్ళు. షుగరు జబ్బు ఉంది. సోమవారం నాడు ఆమెకు పొక్కుల్లేవు. కుడి డొక్కలో మాత్రం మంట, పోట్లు. "బరువెత్తాను, నరం పట్టేసింది" అనుకుంది. గురువారం పొద్దున ఆ చోటే చర్మం ఎర్రబడింది. దాని మీద నీటిపొక్కులు గుత్తులుగా లేచాయి. వెన్ను నుంచి పొట్ట దాకా పట్టీ కట్టినట్టు వచ్చాయి. రవిక తగిలినా భగ్గుమంటోంది.

కోడలు పౌడరు డబ్బా తెచ్చింది. "నాకు తగ్గింది, నువ్వూ రాసుకో అత్తమ్మా" అంది.

పక్కింటి ముసలామె చూసి గుండెలు బాదుకుంది. "ఇది సర్పి. పాము చుట్టుకున్నట్టు చుట్టుద్ది. తలా తోకా కలిస్తే మనిషి దక్కదు" అంది. ఆదివారం మంత్రం వేయిద్దామని మామ అన్నాడు.

శుక్రవారం సాయంత్రం ఏఎన్ఎం ఆ వీధికి వచ్చింది. పొక్కులు చూసింది. నాలుగు ప్రశ్నలు అడిగింది.

"పెద్దమ్మా, ముందు దురద వచ్చిందా, మంట వచ్చిందా?"

"మంటే వచ్చింది. మూడు రోజుల తర్వాత పొక్కులు లేచాయి."

"రెండు పక్కలా ఉన్నాయా, ఒక పక్కే ఉన్నాయా?"

"కుడి పక్కే."

"విడివిడిగా లేచాయా, గుత్తిగా లేచాయా?"

"గుత్తిగానే."

"చన్నీళ్ళు పోసుకుంటే తగ్గిందా?"

"ఏం తగ్గలేదమ్మా. రాత్రంతా నిద్ర లేదు."

ఏఎన్ఎం అంది: "ముసలమ్మ గారు పేరు సరిగ్గానే చెప్పారు. ఇది సర్పే. కానీ పాముకూ దీనికీ సంబంధం లేదు. చుట్టూ తిరిగి చంపేస్తుందన్నదీ నిజం కాదు. ఇది మామూలుగా ఒక పక్కే ఉంటుంది. పెద్దమ్మా, చిన్నప్పుడు నీకు ఆటలమ్మ పోసిందా?"

"పోసింది."

"అదే దీనికి మూలం. ఆటలమ్మ తగ్గినా ఆ వైరస్ ఒంట్లోంచి పోదు. నరాల్లో దాక్కుని నిద్రపోతుంది. వయసు మళ్ళినప్పుడు, ఒంట్లో శక్తి తగ్గినప్పుడు లేస్తుంది. ఏ నరంలో లేస్తే ఆ నరం వెంటే పొక్కులు వస్తాయి. అందుకే ఒక పక్క, అందుకే అంత మంట. దీనికి మందు ఉంది. పొక్కులు లేచిన 3 రోజుల లోపు మొదలుపెడితే బాగా పని చేస్తుంది. ఆదివారం దాకా ఆగొద్దు."

"రేపు కూలి పోద్దే" అన్నాడు మామ.

"ఒక రోజు కూలి పోతే పోనీ. మందు వేళ దాటితే నెలల తరబడి నొప్పి నిలిచిపోవచ్చు. అప్పుడెన్ని కూళ్ళు పోతాయి?" అంది కోడలు.

శనివారం పొద్దున్నే అత్తను ఆసుపత్రికి తీసుకుపోయింది. డాక్టరు ఎసైక్లోవిర్ మాత్రలు రాశాడు. రోజుకు 5 సార్లు, 7 రోజులు వేసుకోమన్నాడు. నొప్పికి వేరే మాత్ర ఇచ్చాడు. "పొక్కులు చిదమొద్దు. ఎర్రమన్ను, ఆకు పసరు పూయొద్దు. శుభ్రమైన పలుచని గుడ్డ కప్పుకో. పొక్కులు ఎండి చెక్కు కట్టే దాకా చూలాలికీ, పసిబిడ్డకూ దూరంగా ఉండు. ఆ నీరు తగిలితే ఆటలమ్మ రాని వాళ్ళకు ఆటలమ్మ రావచ్చు" అన్నాడు.

పది రోజులకు పొక్కులు ఎండాయి. మంట మరికొన్ని వారాలుండి తగ్గింది. అత్త మళ్ళీ పొలానికి పోయింది.

ఇంకో మాట. సర్పి నుదుటి మీద, కంటి పక్కన, ముక్కు కొన మీద వస్తే ఆ రోజే ఆసుపత్రికి పోవాలి. చూపు పోయే ప్రమాదం ఉంది.

సర్పిని డాక్టర్లు హెర్పిస్ అంటారు. హెర్పిస్‌లో ఇంకో రకం ఉంది. దాని వైరస్ వేరు. జ్వరం వచ్చి తగ్గాక కొందరికి మూతి పేలుతుంది. పెదవి అంచున నీటిపొక్కులు వస్తాయి. అది ఈ రకమే. మూతి పేలినవాళ్ళు పసిబిడ్డను ముద్దు పెట్టుకోకూడదు. నెల లోపు బిడ్డకు అది ప్రాణం మీదికి వస్తుంది.

ఈ రకం పొక్కులే మర్మస్థానంలోనూ వస్తాయి. ఈ మాట ఆడవాళ్ళు ఎవరికీ చెప్పుకోరు. "చెమటకు ఒరిసింది" అని సరిపెట్టుకుంటారు. ఒరుపు చల్లబరిస్తే తగ్గుతుంది. ఈ పొక్కులు పగిలి పుండ్లవుతాయి. మూత్రం పోస్తే మంట. తగ్గి, మళ్ళీ అక్కడే వస్తాయి.

ఇది మనిషి నుంచి మనిషికి అంటుకుంటుంది. ఏళ్ళ తరబడి బయటపడకుండా కూడా ఉండొచ్చు. కాబట్టి ఎవరి నుంచి, ఎప్పుడు వచ్చిందో పొక్కును చూసి చెప్పలేరు. ఆడదాని మీద నింద వేయడం అన్యాయం. భార్యాభర్తలిద్దరూ డాక్టరు దగ్గరికి పోవాలి. వైరస్ పూర్తిగా పోకపోయినా, మాత్రలతో పుండ్లు త్వరగా మానతాయి. పొక్కులున్నన్నాళ్ళూ కలవకూడదు. కడుపుతో ఉన్న ఆమె ఈ సంగతి దాచకూడదు. కాన్పులో బిడ్డకు అంటుకోవచ్చు. ముందే చెబితే డాక్టర్లు బిడ్డను కాపాడే ఏర్పాటు చేస్తారు.

మరి కోడలి చెమటకాయలకు ఏం చేయాలి? చెమట బయటికి వచ్చే దారి మూసుకుపోతే చెమటకాయలు లేస్తాయి. ఆ దారి తెరుచుకోవాలి. రెండు పూటలా చన్నీళ్ళ స్నానం చేయాలి. మెత్తగా తుడుచుకోవాలి. వదులైన నూలు బట్ట కట్టాలి. నూనె రాయకూడదు. పౌడరు దట్టంగా అద్దకూడదు. గోళ్ళతో గీరకూడదు. రెండు మూడు రోజుల్లో అవే అణుగుతాయి. చీము పట్టినా, జ్వరం వచ్చినా ఆసుపత్రికి పోవాలి.

గుర్తుంచుకోండి:

దురద, రెండు పక్కలా, చల్లబడితే తగ్గేవి చెమటకాయలు.

ముందు మంట, ఒక పక్కే, గుత్తిగా నీటిపొక్కులు – అది సర్పి.

సర్పికి 3 రోజుల లోపు మందు.

ఈ రాత్రి ఇంట్లో ఈ పాఠం పైకి చదవండి. అత్త వింటుంది. మామ కూడా వింటాడు.