పంపకం దయ కాదు, హక్కు



నిధుల మాట ఎత్తితే చాలు, "ఇస్తూనే ఉన్నాం కదా" అని గదమాయిస్తారు. ఇచ్చేది ఎవరి సొమ్ము? పంచే లెక్క రాసేదెవరు? ఈ ప్రశ్నలు మనమే మొదట అడగలేదు. ఆస్ట్రేలియా కథ చెప్పుకుందాం.

1901లో ఆరు వలస ప్రాంతాలు కలిసి ఆస్ట్రేలియా సమాఖ్య అయింది. తూర్పు రాష్ట్రాల ఫ్యాక్టరీలను కాపాడేందుకు వేసిన దిగుమతి సుంకాలు, గోధుమలు, బంగారం అమ్ముకుని బతికే పశ్చిమ ఆస్ట్రేలియా నెత్తిన పడ్డాయి. మాంద్యం వచ్చి గోధుమ ధర కూలింది. 1933 ఏప్రిల్ 8న ఓటింగు పెడితే ప్రతి ముగ్గురిలో ఇద్దరు విడిపోతామన్నారు. వాళ్ల విన్నపాన్ని 1935లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ స్వీకరించలేదు. విడిపోవడం కుదరలేదు. కానీ ఆ పోరు వేడిలోనే, 1933లో, కామన్వెల్త్ గ్రాంట్స్ కమిషన్ పుట్టింది.

దాని సూత్రం సులువు. ఒక రాష్ట్రం ఎంత పన్ను వసూలు చేసిందని కాదు, ఎంత చేయగలదని చూస్తారు. దూరాభారం, చెదురుమదురు జనం వల్ల బడికీ ఆసుపత్రికీ ఎంత ఎక్కువ ఖర్చవుతుందో లెక్కగడతారు. ఆ తేడాను పూడుస్తారు.

సూత్రం ఉన్నంత మాత్రాన తగాదా తీరదు. ఇనుప ఖనిజంతో అదే పశ్చిమ ఆస్ట్రేలియా ధనిక రాష్ట్రమైంది. జనాభా లెక్కన రావాల్సిన ప్రతి డాలరు జీఎస్టీలో 2015-16లో దానికి దక్కింది సుమారు 30 సెంట్లే. మళ్లీ గొడవ చేసింది. 2018లో చట్టం మార్చి, వాటా ఒక స్థాయి కంటే తగ్గకూడదని హద్దు గీశారు. అంటే లెక్క వెనుక ఎప్పుడూ రాజకీయ బలం ఉంటుంది.

మన దగ్గర 280వ అధికరణం కింద ఆర్థిక సంఘం రాష్ట్రాలకు వాటాలు పంచుతుంది. ఆ పైసలు రాజధాని గడప దాటి వెనుకబడిన జిల్లాకు చేరేట్టు చూసేదెవరు? తెలంగాణ మిగులు తెలంగాణకే అని 1956లో పెద్దమనుషులు ఒప్పుకున్నారు. అమలు చేయించే స్వతంత్ర సంస్థ లేదు. చివరికి 1969లో ఆ మిగులు లెక్క తేల్చడానికే కమిటీ వేయాల్సి వచ్చింది.

2014లో రాష్ట్రం వచ్చింది. ఇప్పుడు ప్రశ్న మన ఇంట్లోకే వచ్చింది. హైదరాబాద్ రాబడిలో ఆసిఫాబాద్ గూడేనికి వాటా ఎంత? నిన్న మనం అడిగిన లెక్క ఇవాళ వాళ్లు అడుగుతారు. కాగితం మీద రాసి చూపిద్దాం. లేకపోతే నిన్నటి మన కొట్లాటకు అర్థం లేదు.