అంగడి తెరిచే ముందు ఒక నోటుపుస్తకం
(బాగేపల్లి యువజన కూడికలో చేసిన ప్రసంగం)

చిక్కబళ్ళాపురం నుంచి, చింతామణి నుంచి బస్సెక్కి వచ్చినవాళ్లూ ఉన్నారు కాబట్టి సుత్తి లేకుండా మాట్లాడతాం.

ముందు మా తప్పు చెప్పుకుంటాం. కొన్నేళ్ల క్రితం మేం కొందరం కలిసి కుట్టుమిషన్లు కొన్నాం. అందరం కుట్టు నేర్చుకున్నాం, ప్రార్థన చేసి రిబ్బను కత్తిరించాం. కుట్టినవి ఎవరు కొంటారని ఒక్కరం కూడా అడగలేదు. బజారులో రెడీమేడ్ మాకన్నా చవక. ఏడాది తిరక్కముందే మిషన్లు అమ్ముకున్నాం. అందుకే ఇప్పుడు ఎవరు వచ్చి "ఏం వ్యాపారం పెట్టాలి?" అన్నా, "నీ వీధిలో జనం దేనికోసం ఊరి బయటికి పోతున్నారు?" అని తిరిగి అడుగుతున్నాం.

ఒకరికి బాగా వచ్చిందని అదే పట్టుకోవడం ఇంకో పొరపాటు. 2023 జూలైలో కోలారు మార్కెట్లో 15 కిలోల టమాట బాక్సు 2,000 రూపాయలు దాటింది. అది చూసి తోట పెట్టినవాళ్లకు, వ్యాపారంలో దిగినవాళ్లకు అదే ధర కాచుకుని కూర్చోదు కదా! ధర పడిపోయిన నెలలో మనం ఎన్నాళ్లు నిలబడగలమో, అదే అసలు పెట్టుబడి.

ఇప్పుడు లెక్క చూద్దాం. బస్టాండు దగ్గర బజ్జీల బండి అనుకోండి. రోజుకు 1,500 అమ్మకం. శనగపిండి, నూనె, మిరపకాయలకు 900. గ్యాసుకు 100. ఆటోకు, చోటుకు 100. మిగిలింది 400. అది లాభం కాదు తమ్ముడూ, అది నీ కూలి! వారానికి ఆరు రోజులు నడిస్తే 2,400. మైక్రోఫైనాన్స్ కంతు వారానికి 600 అనుకుంటే 1,800 ఇంటికి. రెండు రోజులు వాన పడితే నాలుగు రోజుల కూలి 1,600, అందులో కంతు పోగా 1,000. నానబెట్టినది, కలిపినది పారబోస్తే ఇంకా తక్కువ. వానకు కంతు ఆగదు. కంతు కట్టడానికి ఇంకో సంస్థలో అప్పు తీసుకున్న రోజే వ్యాపారం ముగిసి, అప్పు మొదలవుతుంది. మన ఆడవాళ్లు ఎందరు ఇలా మూడు గుంపుల్లో ఇరుక్కున్నారో ఈ గదిలో చాలామందికి తెలుసు. నమోదు లేని మైక్రోఫైనాన్స్, వడ్డీవ్యాపారుల బలవంతపు వసూళ్లపై 2025 ఫిబ్రవరిలో కర్ణాటక ఆర్డినెన్స్ తెచ్చింది. 10 ఏళ్ల దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా. ఇంటిముందు కూర్చుని అవమానించేవాడికి భయపడి ఊరు విడవకండి, మమ్మల్ని పిలవండి, స్టేషనుకు కలిసి పోదాం.

అప్పు కావాల్సివస్తే ముందు బ్యాంకు గడప తొక్కండి. ముద్రా శిశు రుణం 50,000 దాకా, తాకట్టు అక్కర్లేదు. పట్టణంలో తోపుడుబండి వాళ్లకు స్వనిధి మొదటి విడత 15,000. ఇంట్లో తెలుగు, ఫారంలో కన్నడ. ఆ ఫారం నింపడానికి చదువుకున్న పిల్లలు పెద్దవాళ్ల వెంట పోవాలి, అదీ సేవే. ఇంకో మాట, చేదుగా ఉన్నా చెప్పాలి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవులైన దళితులకు ఎస్సీ హోదా లేదు, ఎస్సీ నిగమం రుణాలూ రావు. ఆ అన్యాయంపై పోరాటం వేరే ఉంది. అది తేలేదాకా మైనారిటీలకు ఉన్న పథకాల తలుపు తట్టడం మానకండి.

అరువు సంగతి. సంఘంలోని అక్క "ఆదివారం ఇస్తాలే" అంటే కాదనలేం. మేమూ కాదనలేదు, అందుకే మునిగాం. మొత్తానికి ఇంతే అరువు అని ముందే గీత గీసుకోండి, అది దాటితే పాస్టరుగారికైనా నగదే. (నవ్వకండి, నిజమే.)

యూపీఐ డబ్బు వేరే ఖాతాలోకి రానివ్వండి. 2025 జూలైలో వాణిజ్య పన్నుల శాఖ యూపీఐ లెక్కలు చూసి చిన్న అంగళ్లకు నోటీసులు పంపితే, చాలామంది క్యూఆర్ కోడ్ పీకేశారు. సరుకు అమ్మేవారికి ఏడాదికి 40 లక్షలు, సేవలకు 20 లక్షలు దాటితేనే జీఎస్టీ నమోదు. చెల్లెలి పెళ్లి డబ్బు, చీటీ డబ్బు, అంగడి డబ్బు ఒకే ఖాతాలో కలిస్తే ఏది అమ్మకమో మీరే చెప్పలేరు. తిండి పదార్థాలైతే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నమోదు, ఏ వ్యాపారమైనా ఉద్యం నమోదు చేయించండి. ఉద్యం ఉచితం. దానికి డబ్బడిగే దళారికి దండం పెట్టి వచ్చేయండి.

బయట బల్ల మీద నోటుపుస్తకాలు పెట్టాం. తలా ఒకటి తీసుకోండి. వ్యాపారం లేనివాళ్లు ఇంటి ఖర్చే రాయండి. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక ఏడు రోజుల లెక్కతో రండి, పక్కన కూర్చుని చూద్దాం.